పునాది బీమ్‌లో పగుళ్లు: ఒకరు 18 వేలంటారు, ఒకరు ఏడున్నర లక్షలంటారు, ఎవర్ని నమ్మాలి?

పెందుర్తి_ప్రసాద్
మాది విశాఖలో పెందుర్తి దగ్గర 200 గజాల్లో జీ ప్లస్ వన్. 2012లో గృహప్రవేశం. మొన్న ఆషాఢం వానలకి వంటింటి వెనక గోడ మీద పగులు కనబడింది, కిటికీ కింది మూల నుంచి మెట్లు మెట్లుగా దిగి పునాది బీమ్ దాకా వచ్చింది. బీమ్ మీద కూడా నిలువుగా రెండు చోట్ల చీలింది. రూపాయి బిళ్ళ అంచు దూరుతోంది. వెనక తలుపు ఈ మధ్య గడప దగ్గర పట్టేస్తోంది, తోస్తే గానీ పడట్లేదు.

ముగ్గుర్ని పిలిచాను. మా వీధి మేస్త్రి చూసి, గోకేసి జాలీ కొట్టి సిమెంటు పూసి రంగేస్తే అయిపోతుంది, 18 వేలు అన్నాడు. రెండో ఆయన కెమికల్ ఇంజెక్షన్ కంపెనీ తరఫున వచ్చి టేపు పెట్టి ఇల్లంతా కొలిచి 2 లక్షల 40 వేలు, ప్లస్ 18 శాతం జీఎస్టీ అన్నాడు. మూడో ఆయన కారు దిగకుండానే తల ఊపి, ఫుటింగుల (పిల్లర్ల అడుగున నేలలో ఉండే కాంక్రీటు దిమ్మెల) కింద తవ్వి కాంక్రీటు పెట్టాలి, ఆరు పిల్లర్లకి జాకెటింగ్ (చుట్టూ ఊచలు కట్టి కొత్త కాంక్రీటు పొర) చెయ్యాలి, ఏడున్నర లక్షలు అన్నాడు. నాకు ఇంకా ఇంటి లోను నాలుగేళ్లుంది. మా ఆవిడకి టెన్షన్‌తో నిద్ర లేదు, ఆవిడ వల్ల నాకూ లేదు. ఎవరైనా చేయించుకున్నవాళ్లుంటే అసలు ఎంతయిందో చెప్పండి.

కంచరపాలెం_కుర్రోడు
మా ఇంట్లో పగులు నా పదో తరగతి సర్టిఫికెట్ కన్నా పాతది. దాని మీద క్యాలెండర్ వేలాడదీశాం. ఖర్చు సున్నా, ఏటా కొత్త దేవుడు.

మేస్త్రిగారి_అబ్బాయి
18 వేల మాట తప్పేం కాదు అన్నా. మా నాన్న ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. గోడ పగులు నూటికి తొంభై మంది ఇళ్లలో ఉంటుంది. ఈ కెమికల్ వాళ్లు వచ్చాకే జనానికి భయం ఎక్కువైంది.

రిటైర్డ్_సివిల్
ప్రసాద్ గారూ, ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఎందుకు పగిలిందో చెప్పారా? మీ పోస్టు రెండుసార్లు చదివాను, కారణం ఎక్కడా లేదు, ధరలే ఉన్నాయి.

మేస్త్రిగారి అబ్బాయి చెప్పిన తొంభై మంది ఇళ్ల పగుళ్లు వేరు. ప్లాస్టర్ ఆరేటప్పుడు వచ్చే వెంట్రుక గీతలు, స్లాబు బీమ్ కింద ఇటుక కలిసే చోట అడ్డంగా వచ్చే గీత, ఇవి నిజంగానే పూత పనే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఇటుకల మెట్ల మీదుగా దిగి, పునాది బీమ్‌ని కూడా చీల్చి, తలుపు పట్టేస్తోందంటే అది పూత పని కాదు. ఇంట్లో ఒక భాగం దిగుతోంది, రెండోది దిగట్లేదు. ప్రతి మూడు మీటర్లకి ఒక సెంటీమీటరు తేడా వస్తే ఇటుక గోడ పగలడం మామూలు.

నాలుగు సంగతులు చెప్పండి. పగులు పైన వెడల్పా, కింద వెడల్పా? స్థలం ఇదివరకు ఏమిటి? సంపు, సెప్టిక్ ట్యాంకు, బాత్రూమ్ పైపులు ఎటువైపున్నాయి? డాబా మీద వాన నీళ్లు ఎక్కడ పడతాయి?

పెందుర్తి_ప్రసాద్
పైన వెడల్పు సార్, కిందకొచ్చేసరికి సన్నం. స్థలం కొన్నప్పుడు రోడ్డు కన్నా నాలుగడుగుల పల్లం. వెనక ఒక చిన్న గెడ్డ (వాగు) ఉండేది, ఇప్పుడు దాని మీద ఇళ్లొచ్చేశాయి. మేం ఎర్రమట్టి, గ్రావెల్ లారీలతో తోలించి లేపాం. బాత్రూమ్, వంటింటి పైపులన్నీ ఆ వెనక మూలకే వస్తాయి. డాబా నీళ్లు కూడా ఒకే పైపులో అటే పడతాయి, కింద మట్టే, చప్టా లేదు.

రిటైర్డ్_సివిల్
ఇంక కారణం చాలావరకు మీరే చెప్పేశారు. పైన వెడల్పంటే సాధారణంగా మూల దిగుతోందని లెక్క. మధ్యలో దిగితే కింద వెడల్పుగా ఉంటుంది.

లావణ్య_లాసన్స్‌బే
మా కేసు వేరు గానీ చెప్తా, పక్కన పెట్టుకోండి. బీచ్‌కి దగ్గర. స్టిల్ట్‌లో (ఇంటి కింద పార్కింగు) రెండు పిల్లర్ల అడుగున నిలువు పగుళ్లు, చుట్టూ తుప్పు మరక. మా నాన్నగారు ఏటా దసరాకి సిమెంటు పూయించి సున్నం కొట్టించేవారు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014లో కూడా అలాగే పూయించారు. ఏడో పూతకో ఎనిమిదో పూతకో ముక్క ఊడి కింద పడింది, లోపల ఊచ చేత్తో గోకితే పొరలు పొరలుగా వచ్చింది, అప్పడంలా. ఇల్లు కట్టినప్పుడు బోరు నీళ్లే వాడారట, ఉప్పు నీళ్లు. పైగా సముద్రపు గాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కాంక్రీటు చీలుతుంది, చీలిన చోట నుంచి ఇంకాస్త ఉప్పు లోపలికి.

చెడిన కాంక్రీటు కొట్టేసి, వైరు బ్రష్‌తో తుప్పు తీసి, జింక్ ప్రైమర్ వేసి, సన్నబడ్డ చోట కొత్త ఊచలు కట్టి, మైక్రో కాంక్రీటు పోశారు. పిల్లర్‌కి 34 వేల చొప్పున రెండింటికి 68 వేలు, పైన జాకీలు పెట్టినందుకు ఇంకో 11 వేలు. అన్నేళ్ల దసరా పూతల ఖర్చు నేను లెక్కెయ్యలేదు, వేస్తే నాన్నగారికి కోపం.

మేస్త్రిగారి_అబ్బాయి
అక్కా అది మేస్త్రి తప్పు కాదు కదా, మీరు పూయమంటేనే పూశారు.

లావణ్య_లాసన్స్‌బే
నేను మేస్త్రినేమన్నాను తమ్ముడూ? పొయ్యి మీద పాలు పొంగుతుంటే మూత పెట్టి కూర్చున్నది మేమే.

ఈశాన్యం_చూడండి
ప్రసాద్ గారూ పగులు ఏ మూల? ఈశాన్యం అయితే ఖర్చు పెట్టేముందు ఒకసారి వాస్తు చూపించుకోండి.

పెందుర్తి_ప్రసాద్
నైరుతి అండి.

ఈశాన్యం_చూడండి
నైరుతి బరువుండాలి. బరువుంటే దిగుతుంది. శాస్త్రం చెప్పిందే జరిగింది.

కంచరపాలెం_కుర్రోడు
ఎటు దిగినా మీరే నెగ్గుతారన్నమాట.

కొండవాలు_మధురవాడ
ఏడున్నర లక్షలన్న ఆయన్ని పూర్తిగా కొట్టిపారెయ్యకండి, నాకు అలాంటి బిల్లే వచ్చింది, అది అవసరమే అయింది. మా లేఅవుట్ కొండ వాలు. కొండ వైపు తవ్వేసి, ఆ మట్టే ముందుకి పోసి చదును చేశారు. అంటే ఇంట్లో సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద. నాలుగేళ్లకి హాలు మధ్యలో గచ్చు మీదుగా గోడ ఎక్కి స్లాబు దాకా ఒకే గీత, ఎవరో గీసినట్టు. ఇంట్లో మా అమ్మాయి గోలీ పెడితే వీధి గుమ్మం వైపు దానంతటదే దొర్లేది, పిల్లకి ఆట, నాకు గుండె దడ.

ముందు సాయిల్ టెస్ట్ చేయించాం, రెండు బోర్లకి 26 వేలు. పోసిన మట్టి 11 అడుగులుందని తేలింది, మా ఫుటింగులు 5 అడుగుల్లో ఆగిపోయాయి. ముందువైపు నాలుగు ఫుటింగుల కింద ఒకదాని తర్వాత ఒకటిగా తవ్వి గట్టి నేల దాకా కాంక్రీటు దించారు. ఒక్కోదానికి 82 వేలు. ముందు రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ), దానికి నీళ్లు పోయే కన్నాలు, అది ఇంకో రెండు లక్షల పైన. నేను చెప్పేదేంటంటే ఆ 26 వేలు పెట్టకుండా ఎవడైనా ఏడు లక్షలు అడిగితే, లెక్కలో కాదు, అలవాటులో అడుగుతున్నాడని.

రిటైర్డ్_సివిల్
మధురవాడ గారు బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. ఫుటింగు కింద తవ్వేటప్పుడు రెండు పక్కపక్కవి ఒకేసారి తెరవకూడదు. త్వరగా అయిపోతుందని ఎవరైనా అంటే పంపించెయ్యండి.

పాలసీ_ఇందిర
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో నేల కుంగడం, కొండచరియలు పడటం కవర్ అవుతాయి. అయితే కొత్త కట్టడం సర్దుకుంటూ వచ్చే మామూలు పగుళ్లు, పోసిన మట్టి కుంగడం, డిజైన్ లోపం, నాసిరకం పని, ఇవి మినహాయింపులు. ప్రసాద్ గారిది పోసిన మట్టి అని ఇక్కడే రాసేశారు కాబట్టి ఆశ పెట్టుకోకండి. ఇప్పుడు కొత్తగా పాలసీ తీసుకుని క్లెయిమ్ చేద్దామనే ఆలోచన కూడా వద్దు, ఆ ప్రశ్న నాకు వారానికొకరు అడుగుతారు.

ఫ్లాట్304
సందు దొరికింది కాబట్టి నాదీ అడుగుతా. కొమ్మాదిలో ఫ్లాట్, చేతికొచ్చి మూడేళ్లు, పార్కింగులో పిల్లర్ పగిలింది. బిల్డర్ ఫోనెత్తట్లేదు.

పాలసీ_ఇందిర
మీది రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) కింద రిజిస్టర్ అయిన ప్రాజెక్టయితే ఆ చట్టంలో సెక్షన్ 14 చూడండి. స్వాధీనం ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచెయ్యాలి. ఫోన్ కాదు, ఫోటోలతో రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మీరు సొంతంగా పూత వేయించారో, సాక్ష్యం మీరే చెరిపేసుకున్నట్టు.

గ్రౌటింగ్_పని
నేను ఈ ఇంజెక్షన్ పనే చేస్తాను, అందరూ తిట్టేవాళ్లే కాబట్టి నా వైపు కూడా వినండి. ప్రసాద్ గారూ ఆ 2 లక్షల 40 వేలు ఎన్ని మీటర్లకి?

పెందుర్తి_ప్రసాద్
ఇప్పుడే కాగితం తీసి చూశా. రన్నింగ్ మీటరు 1,500 చొప్పున 160 మీటర్లు.

గ్రౌటింగ్_పని
అనుకున్నా. రేటు మరీ అన్యాయం కాదు, నేను పనిని బట్టి 1,100 నుంచి 1,500 తీసుకుంటా. మీటర్లే అన్యాయం. 160 మీటర్లంటే మీ ఇంట్లో ప్లాస్టర్ మీదున్న ప్రతి వెంట్రుక గీతా కొలిచాడు. ఇంజెక్షన్ కాంక్రీటుకి. ఇటుక గోడ ప్లాస్టర్‌కి ఎపాక్సీ (పగులు అతికించే మందు) ఎక్కించడమంటే జ్వరం మనిషికైతే దుప్పటికి సూది వెయ్యడం. మీ బీమ్ మీద పగుళ్లు మొత్తం కొలవండి, పది పన్నెండు మీటర్లు దాటదు.

పని ఎలా ఉంటుందంటే, పగులు పైన పుట్టీతో మూసేసి, జానెడు దూరానికొక నాజిల్ పెట్టి, కింద నుంచి పైకి ఎక్కించుకుంటూ వస్తాం, పై నాజిల్లోంచి మందు కారితే కిందది మూసి పైకి వెళ్తాం. గట్టిపడ్డాక ఆ చోటు కాంక్రీటు కన్నా గట్టి. అందుకే ఒక చిక్కు కూడా ఉంది, ఇల్లు ఇంకా కదులుతుంటే అతికిన చోట పగలదు, పక్కన కొత్తగా పగులుతుంది. నీళ్లు కారే పగులుకైతే పీయూ (పాలీయురేథేన్) మందు, అది వేరే. నన్ను పిలిచినా ముందు కదలిక ఆగిందో లేదో చూసుకునే పిలవండి, లేకపోతే ఆర్నెల్లకి మళ్లీ నన్నే తిడతారు.

మేస్త్రిగారి_అబ్బాయి
ఇది ఒప్పుకుంటా. దుప్పటి మాట బాగుంది.

గాజువాక_గణేష్
మా ఇంటి పక్కన లారీలు తిరిగితే కిటికీ అద్దాలు గలగలమంటాయి. దాని వల్ల కూడా పునాది పగులుతుందా?

రిటైర్డ్_సివిల్
లారీ వల్ల పునాది పగలడం అరుదు. అప్పటికే ఉన్న పగులు గలగలమని గుర్తు చేస్తుంది, అంతే.

పెందుర్తి_ప్రసాద్
కదలిక ఆగిందో లేదో ఎలా తెలుస్తుంది? మరీ మిషన్లు పెట్టే స్తోమత లేదు.

రిటైర్డ్_సివిల్
మిషనేం అక్కర్లేదు. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వెయ్యండి. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క రెండు వైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. మనకి అక్టోబరు, నవంబరు వానలున్నాయి కాబట్టి అవి దాటేదాకా చూడాలి.

ఇంకోటి, మేస్త్రుల దగ్గర నీళ్ల లెవెల్ పైపు ఉంటుంది కదా, అది తెచ్చి బయట గోడ చుట్టూ బీమ్ పై అంచు ఎత్తులు చూడండి. ఆ మూల పక్కన ఒక గొయ్యి తీయించండి, ఫుటింగు కనబడేదాకా, దాని కిందకి మాత్రం వెళ్లొద్దు. తీశాక బాత్రూమ్‌లో రెండు బకెట్ల నీళ్లలో నీలిమందు కలిపి పొయ్యండి.

కంచరపాలెం_కుర్రోడు
నీలిమందు ఎందుకు సార్, ఫుటింగుకి తెల్లచొక్కా తొడుగుతామా?

రిటైర్డ్_సివిల్
గొయ్యిలో నీలం కనబడితే అప్పుడు నవ్వు బాబూ.

పెందుర్తి_ప్రసాద్
మూడు వారాలైంది, అప్‌డేట్. లెవెల్ పైపు మా పెద్దాడు ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని చూశాం. మిగతా మూడు మూలలూ మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాలో ఉన్నాయి. నైరుతి మూల 22 మిల్లీమీటర్లు కింద. తప్పు చూశామేమోనని మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అదే.

గొయ్యి తీయించాను. పైన మూడడుగులు ఎర్రమట్టి, పొడిగానే ఉంది. తర్వాత గునపం దెబ్బ చప్పుడే మారిపోయింది, చప్‌మంటోంది. కింద నల్లటి బురద, ముక్కు మూసుకోవాల్సిన వాసన. కూలీ అబ్బాయి పైకి ఎక్కేసి, ఇది మట్టి కాదండి అని రేటు పెంచాడు, తప్పని కూడా అనలేను. ఫుటింగు మాత్రం శుభ్రంగా ఉంది, ఒక్క గీత లేదు.

నీలిమందు పోశాం. మా ఆవిడ లోపల బకెట్ వంచుతోంది, నేను గొయ్యి అంచున గొంతుక్కూర్చున్నాను. ఏడెనిమిది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత గోడ వైపు మట్టిలోంచి సన్నగా, దారంలా నీలం. కేక పెట్టాను, ఆవిడ ఏమైందో అని పరిగెత్తుకొచ్చింది. తవ్వుకుంటూ వెళ్తే బాత్రూమ్ పైపు బెండు దగ్గర జాయింటు అంగుళమన్నర ఊడి ఉంది. పైపు కింద మట్టి దిగింది, పైపు వంగి ఊడింది, ఊడినందుకు నీళ్లు పోయి మట్టి ఇంకా దిగింది. ఎన్నేళ్లుగానో తెలీదు. పైగా డాబా నీళ్లు కూడా అక్కడికే.

లావణ్య_లాసన్స్‌బే
దారంలా నీలం అని చదువుతుంటే నాకే ఒళ్లు జలదరించింది.

కంచరపాలెం_కుర్రోడు
నవ్వట్లేదు సార్. ఇందాక మా క్యాలెండర్ తీసి చూశా. మేకు కూడా ఊడొచ్చింది.

రిటైర్డ్_సివిల్
ఫుటింగు బాగుంది కాబట్టి ఏడున్నర లక్షలు ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు. నేను ఫోటో కూడా చూడలేదు, ఇది సలహా మాత్రమే. స్ట్రక్చరల్ ఇంజినీరుని ఒకసారి గొయ్యిలోకి దింపి కాగితం మీద రాయించుకోండి.

పెందుర్తి_ప్రసాద్
దింపాను. రెండు విజిట్లకి 8 వేలు తీసుకున్నారు. ఆయన మాట కూడా అదే, ముందు నీళ్లు ఆపండి, బురద తీసి గ్రావెల్ పొరలు పొరలుగా దిమ్మిస చేయించండి, ఒక వాన కాలం చూడండి, అప్పటికీ దిగితే అప్పుడు ఆ ఒక్క ఫుటింగు సంగతి చూద్దాం అన్నారు. పిల్లర్లకి జాకెటింగ్ దేనికని ఎదురు నన్నే అడిగారు. పైపులు మార్చి కొత్త చాంబరు కట్టడానికి 14,500. తవ్వకం, బురద తీత, గ్రావెల్, దిమ్మిస 17 వేలు (వాసన రేటు కలిపి). ఇంటి వెనక మూడడుగుల చప్టా బయటికి వాలుగా, డాబా పైపు కాలువలోకి తిప్పడం 22 వేలు. ఇంతవరకు 61,500. బీమ్ మీద పగుళ్లు కొలిస్తే 11 మీటర్లు, గ్రౌటింగ్ గారు చెప్పినట్టే. అది సంక్రాంతి తర్వాత. గోడకి అడ్డంగా ఊచలు పెట్టి కుట్టడం, పూత అన్నీ ఆఖరున మా వీధి మేస్త్రికే ఇస్తానని చెప్పా, 18 వేలకే.

మేస్త్రిగారి_అబ్బాయి
చూశారా, 18 వేలు తప్పు కాదన్నా కదా. వరసే తప్పు.

గ్రౌటింగ్_పని
11 మీటర్ల చిన్న పనికి రేటు కాస్త ఎక్కువ అడుగుతారు, మిషనూ మనుషులూ రావడానికే ఖర్చు. 20 వేల లోపు అయితే బేరం ఆడకండి.

ఫ్లాట్304
రిజిస్టర్డ్ పోస్టు పంపాను. బిల్డర్ తొమ్మిదో రోజున ఫోనెత్తాడు, ఎత్తడమేంటి, తనే చేశాడు.

పెందుర్తి_ప్రసాద్
నవంబర్ ఆఖరు. నాలుగు రోజులు ఆగకుండా వాన. రోజూ పొద్దున్నే టార్చి వేసి చూస్తున్నా, గాజు ముక్క చెక్కుచెదరలేదు, పెన్సిల్ గీత దాటి పగులు రాలేదు. లెవెల్ మళ్లీ చూశాం, 22 దగ్గరే ఉంది. వెనక తలుపు ఇప్పటికీ తోస్తేనే పడుతోంది, దానికి వడ్రంగిని పిలవాలి. కాకపోతే నిన్న హాల్లో టీవీ వెనక ఇంకో సన్న గీత కనబడింది. మా ఆవిడ దాని పక్కన కూడా తేదీ వేసేసింది. సార్, అదేమైనా...

రిటైర్డ్_సివిల్
గోటితో గీకి చూడండి.

పెందుర్తి_ప్రసాద్
గీకాను. రంగు పొర లేచొచ్చింది, కింద ఏమీ లేదు.

కొండవాలు_మధురవాడ
ఆ తేదీ మాత్రం చెరపకండి, మేడంగారు ఒప్పుకోరు. మా ఇంట్లో అలాంటి తేదీలు ఇంకా ఏడున్నాయి.